కలిసిపోయిన కణాలు

బీరువా తాళంచెవి మూడో రోజు కూడా తులసీరాం మొలతాడుకే ఉంది.

స్నానానికి వెళ్ళినా తీయలేదు. పడుకున్నా తీయలేదు. ఆ శనివారం పొద్దున్నే వాకింగుకు బయలుదేరి, వీధి మలుపు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినవాడిలా వెనక్కి వచ్చి, బీరువా తలుపు ఒకసారి లాగి చూసుకుని మళ్ళీ వెళ్ళాడు. ఆ బీరువాలో పట్టుచీరల కింద ఉదయలక్ష్మి ల్యాప్‌టాప్ ఉంది. ల్యాప్‌టాప్‌లో ఆమె రాసిపెట్టిన ఉత్తరం ఉంది. పదకొండేళ్ళ కిందట తాను అచ్చువేసిన పరిశోధన వ్యాసం తప్పని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని పత్రిక సంపాదకుడికి రాసిన ఉత్తరం.

వాకింగు నుంచి వచ్చిన మొగుడి ముందు ఉదయలక్ష్మి పళ్ళెం పెట్టింది.

"ఇడ్లీ. తినండి."

"ఆకలి లేదు."

"మూడు దినాల నుంచి ఇదే మాట."

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వెల్లుల్లి వొలుస్తున్న నాగరత్నమ్మ కొడుకు వైపు తలెత్తి చూసింది. ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. చూపు తగ్గింది గానీ ఇంట్లో ఎవరు ఏ పూట ఎన్ని తిన్నారో లెక్క తప్పదు.

"వాడికి ఆకలి లేకుండా ఎప్పుడుండాదమ్మా? రేత్రి వంటింట్లో పెరుగు గిన్నె సప్పుడు నేను యినలేదా? నాలుగు పెట్టు. తింటాడు."

తులసీరాం పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు.

"ఇంగ పద్దెనిమిది దినాలు, ఉదయా," అన్నాడు. "పద్దెనిమిదే. నువ్వు రిటైరైనాక ఎవురికి ఏం రాసుకుంటావో రాసుకో. నేను అడ్డం రాను."

"తప్పని తెలిసినాక పద్దెనిమిది దినాలు గమ్మునుంటే, అది ఇంగో తప్పు."

"పదకొండేండ్లు గమ్మునుండినావు కదా!"

"తెలీక ఉండినా. తెలిసి ఉండలేదు."

అతను ఇడ్లీ తుంచి, నోట్లో పెట్టుకోకుండా మళ్ళీ పళ్ళెంలోనే పెట్టాడు.

"నీ రిటైర్మెంటు సభకు నగరి నుంచి మీ వాళ్ళు బస్సు మాట్లాడుకున్నారు. మీ తమ్ముడు మురుగేష్ ఫ్లెక్సీ కూడా వేయించినాడు. మగ్గాల వీధి నుంచి మొదటి ప్రొఫెసరమ్మ, అని. నీ ఫొటో ఇంత పెద్దది. ఆ పొద్దుకు నువ్వు దొంగవని ఊరంతా చెప్పుకుంటా ఉంటే వాడు ఆ ఫ్లెక్సీ యాడ కట్టాల?"

ఉదయలక్ష్మి చేతిలోని చట్నీ గిన్నె బల్లమీద పెట్టింది.

"ఎవరు దొంగ?"

ఆ మాట నోట్లోంచి జారిన సంగతి అప్పుడే తులసీరాంకు అర్థమైంది. వెనక్కి తీసుకోవడానికి మనసొప్పలేదు. నాగరత్నమ్మ వొలవడం ఆపింది. వీధిలో పూలమ్మే మనిషి కనకాంబరాలని అరుస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి వెళ్ళింది.

"మీకొకటి చెప్తా వినండి," అంది చివరికి ఉదయలక్ష్మి. "ఆ ఉత్తరం మీ బీరువాలో ఉండాదని నేను ఆగలేదు. ల్యాబులో ఇంగో కంప్యూటరుంది. నా ఫోనుంది. మీకు తెలీకుండా పంపాలంటే నాకు నిమిషం పని. ముప్పై నాలుగేండ్లలో మీకు తెలీకుండా నేనేదీ చెయ్యలేదు. ఇదీ చెయ్యను. తాళం మీరే తీయాల."

"తీయకుంటే?"

"తీసేదాకా అడుగుతా."

తులసీరాం లేచి చెయ్యి కడుక్కున్నాడు. పళ్ళెంలో నాలుగు ఇడ్లీలూ అలాగే ఉన్నాయి.

ఉదయలక్ష్మికి కోపం రావలసింది. రాలేదు. హాల్లో వేంకటేశ్వరస్వామి పటం పక్కన, అదే వరసలో, అద్దం కట్టించి వేలాడదీసిన కాగితం ఆమెకు కనబడుతూనే ఉంది. ఆ వ్యాసం మొదటి పేజీ అది. దాన్ని కట్టించింది తులసీరామే. అందులో ఒక్క వాక్యం కూడా అతనికి అర్థం కాదు. రచయితల వరసలో చివర ఉన్న భార్య పేరు మాత్రం చూపుడు వేలితో చుట్టాలందరికీ చూపించాడు.

అతను తిరుపతి బస్టాండులో ఆర్టీసీ కంట్రోలరుగా చేసి రిటైరైనవాడు. కడపకు ప్రమోషను వస్తే, ఆమె ల్యాబు ఇక్కడే ఉందని వద్దన్నాడు. ఆదివారాలు, పండగలు, పిల్ల పరీక్షల రోజులు, ఏ రోజైనా సరే కణాలకు ఆహారం పొయ్యకపోతే చచ్చిపోతాయని ఆమె పరుగెత్తితే, వెనకాలే టిఫిన్ క్యారియరు పట్టుకుని వెళ్ళాడు. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం జనరేటరు వచ్చేదాకా టార్చిలైటు పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు. ఆ వ్యాసం వెనక్కి వెళ్ళిపోతే తన ఆయుష్షులో కొంత వెనక్కి వెళ్ళిపోయినట్టే అతనికి. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే కోపం రాలేదు.

ఆ వ్యాసంలో చెప్పింది పెద్ద సంగతేమీ కాదు, చిన్నదీ కాదు. గాజు పళ్ళెంలో చర్మకణాలను నిండుగా పెంచి, మధ్యలో సన్నగా ఒక గీత గీస్తే, రెండు పక్కలా ఉన్న కణాలు మెల్లగా జరిగి ఆ ఖాళీని మూసుకుంటాయి. చర్మం మీద గాయం మానేది కూడా కొంత ఇలాగే. ఒక ప్రోటీనును అడ్డుకుంటే ఆ జరగడం ఆగిపోతుందని ఉదయలక్ష్మి, ఆమె మొదటి శిష్యుడు ధర్మేంద్ర కలిసి చూపించారు. ఆ వ్యాసాన్ని పట్టుకుని ఎందరో ముందుకు వెళ్ళారు. అయితే ఆ పళ్ళెంలో ఉన్నవి చర్మకణాలు కావని ఇప్పుడు తేలింది. వాటిలో ఎప్పుడో, ఎలాగో, వేగంగా పెరిగే ఒక క్యాన్సరు కణం కలిసింది. కలిసి, పెరిగి, అసలు వాటిని మింగేసింది. సీసా మీద పేరు మాత్రం పాతదే.

ఎప్పుడు కలిసిందన్నదే ఇంకా తేలలేదు. మొదటి నుంచీ అంతేనా? అయితే అవే కణాలతో డాక్టరేటు తీసుకున్న ఐదుగురి పని కూడా పోతుంది. తులసీరాం నిద్రపోకపోవడానికి, పైకి చెప్పని కారణం అది.

*

పదకొండు గంటలకు గేటు చప్పుడైంది.

నిస్సీ వచ్చింది. తడ నుంచి వచ్చి ఉదయలక్ష్మి దగ్గర నాలుగో సంవత్సరం పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఎండలో ఆటో దిగి పరుగెత్తినట్టుంది, ఆయాసపడుతోంది. చెప్పులు ఒకటి గడపకు ఇటు, ఒకటి అటు విడిచింది.

"మేడమ్, బెంగుళూరు రిపోర్టు వచ్చేసింది."

ఉదయలక్ష్మి చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

"చెప్పు."

"నైట్రోజన్ డబ్బాలో గడ్డకట్టించి పెట్టిన నాలుగు పాత సీసాలూ పంపినాం కదా మేడమ్. మొదటి మూడూ అసలువే. చర్మకణాలే. నాలుగోది మాత్రం కలిసిపోయింది."

"మూడోది ఏ తారీకుది?"

"వ్యాసం పని జరిగిన ఏడు జూన్ తొమ్మిది. నాలుగోది జూలై రెండు."

ఉదయలక్ష్మి సోఫా అంచున కూర్చుంది. జూన్‌కూ జూలైకీ మధ్య కలిసింది. అంటే ఆ ఐదుగురి డాక్టరేట్లూ అంతకు ముందు గడ్డకట్టించి దాచిన కణాల మీదవే. అవి నిలబడతాయి. పోయేది ఒక్కటే. ఆ ఒక్క వ్యాసమే.

"మిగిలినవాళ్ళకు ఏం కాదా?" గది లోపలి నుంచి తులసీరాం గొంతు వినబడింది. ఎప్పుడొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడో ఎవరూ చూడలేదు.

"ఏం కాదు సార్. అందరూ బాగుండారు. దేవుని కృప."

తులసీరాం పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరితో భుజాలు కూడా కిందికి దిగాయి. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ముఖంలో రంగు తిరిగి వస్తుంటే ఉదయలక్ష్మి చూస్తూ ఉండిపోయింది.

అయితే ఆ రంగు వెంటనే మరో ఆలోచనగా మారింది.

"అయితే ఇంగేం? ఒక్క కాగితమే కదా. దాన్ని అట్లే వదిలేస్తే పోలా? ఎవురికి నష్టం?"

ఉదయలక్ష్మి నోరు తెరిచేలోగా నిస్సీ అంది, "నాకే సార్."

ఆ అమ్మాయి ఈ ఇంట్లో ఎప్పుడూ అడిగినదానికి తప్ప మాట్లాడి ఎరగదు. అన్న తర్వాత తనకే భయం వేసినట్టు మేడమ్ వైపు చూసింది. ఉదయలక్ష్మి చెప్పమన్నట్టు తల ఊపింది.

"నేను చేరినాక మేడమ్ కొత్తగా అసలు కణాలు తెప్పించినారు సార్. వాటితో మొదటి ఏడు మేడమ్ వ్యాసంలో చేసినట్టే చేసినాను. రాలేదు. మళ్ళా చేసినాను. రాలేదు. వ్యాసంలో ప్రోటీను ఆపితే గీత అట్లే ఉంటాది. నా పళ్ళెంలో ఆపినా మూసుకుపోతా ఉండె. రెండేండ్లు సార్. నా చేతుల్లోనే ఏదో లోపం ఉండాదనుకున్నా. హాస్టల్లో అద్దం ముందర నిలబడుకుని చేతులు చూసుకునేదాన్ని. మా నాయనకు ఫోన్ చేసి, నాకీ చదువు రాదు, వచ్చేస్తా అని ఏడ్చినా. వద్దులే అమ్మా, ఇంగొక్క నెల చూడు అన్న్యాడు. ఆ నెలలోనే పాత కణాలను పరీక్షకు పంపుదామని మేడమ్ అన్నారు."

"మరిప్పుడు?"

"ఇప్పుడు నేను చేసిందే కరెక్టు సార్." నిస్సీ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళు నిండాయి. "రెండేండ్లూ నేను చేసింది కరెక్టే. కానీ ఆ మాట నేను రాయాలంటే, ముందు మేడమ్ అది తప్పని చెప్పాల. లేకుంటే నా మాట ఎవురు నమ్ముతారు?"

తులసీరాం నేల చూశాడు.

నాగరత్నమ్మ వెల్లుల్లి పొట్టు చేటలోకి దులిపి, కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, నువ్వు బస్టాండులో మైకు ముందర కూసోని ఏమని అరిసేవాడివిరా?"

"ఇప్పుడదేందమ్మా?"

"సెప్పు, ఏమని అరిసేవాడివి?"

"ఏ బస్సు యాడికి పోతాదో చెప్పేవాణ్ణి."

"ఒకనాడు వేలూరు బోర్డు పెట్టిన బస్సు మదనపల్లికని తెలిసి, అన్నం ముందర కూసున్నోడివి లేసి పరుగెత్తినావు. అందరూ దిగండి, బోర్డు తప్పు అని అరిసినావంట. ఇంటికొచ్చి గొంతు పోయిందని పాలు తాగినావు. ఆ బోర్డు పెట్టింది ఎవురు?"

తులసీరాం మొలతాడుకున్న తాళంచెవిని తడుముకున్నాడు.

"నేనే," అన్నాడు.

అంతకన్నా నాగరత్నమ్మ ఏమీ అడగలేదు. చేట ఎత్తుకుని వంటింట్లోకి నడిచింది. నిస్సీకి మజ్జిగ ఇవ్వడానికి ఉదయలక్ష్మి కూడా లేచింది. గ్లాసులో మజ్జిగ పోస్తుండగా లోపలి గదిలో బీరువా తలుపు కిర్రుమంది. చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అత్తగారు ఆమె మోచెయ్యి మీద తట్టి, "మజ్జిగ పొర్లిపోతా ఉండాది సూడు," అంది.

*

మూడు రోజులు పట్టుచీరల కింద ఉన్న ల్యాప్‌టాప్‌లో ఛార్జింగు అయిపోయింది. దాన్ని ప్లగ్గుకు పెట్టి, అది లేచేదాకా ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్నారు. నిస్సీ ఎదురుగా కూర్చుంది.

"పంపే ముందర నాకు చదివి వినిపించు," అన్నాడు తులసీరాం. "ఇంగ్లీషులో కాదు. నాకు అర్థమయ్యేటట్టు."

ఉదయలక్ష్మి తెర మీది అక్షరాలను చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయింది.

"అయ్యా, మేము ప్రచురించిన వ్యాసంలో వాడిన కణాలు మేము చెప్పిన చర్మకణాలు కావని తెలిసింది. వేరే కణాలు వాటిలో కలిసిపోయాయి. ఇది తెలియక జరిగింది. అయినా బాధ్యత నాది. వ్యాసంలోని ముగింపులు నిలబడవు కాబట్టి దాన్ని వెనక్కి తీసుకోమని కోరుతున్నాను. పరీక్షల వివరాలు జతచేస్తున్నాను. ఈ పని వల్ల సమయం నష్టపోయిన తోటి పరిశోధకులకు క్షమాపణలు."

"అంతేనా?"

"అంతే."

"ఇందులో దొంగ అనే మాట యాడా లేదే."

"లేదు. ఉండదు. దొంగతనం చేసినవాళ్ళు వేరే. వాళ్ళను పట్టుకుంటారు. మేము మాకు మేమే చెప్పుకుంటా ఉండాం."

తులసీరాం అరచేతితో ముఖం తుడుచుకున్నాడు. మూడు రోజుల గడ్డం గరగరలాడింది. "నేనన్న మాట..." అని ఆగాడు.

"వినలేదు నేను," అంది ఉదయలక్ష్మి.

ఇంకొక చిక్కు మిగిలింది. ధర్మేంద్ర ఒప్పుకోవాలి. అతను ఇప్పుడు పుణేలో పెద్ద ల్యాబు నడుపుతున్నాడు. వ్యాసంలో మొదటి పేరు అతనిది. నాలుగు రోజులుగా ఆమె ఫోను ఎత్తడం లేదు, మెయిలుకు జవాబు లేదు.

"నేను చేస్తా," అన్నాడు తులసీరాం. "నా ఫోనైతే ఎత్తుతాడు. ఈ ఇంట్లో ఎన్ని పూటలు తిన్న్యాడు!"

నిజంగానే రెండో రింగుకు ఎత్తాడు.

"సార్, బాగుండారా?"

"బాగుండాం ధర్మేంద్రా. స్పీకరు పెట్టినా. మీ మేడమ్ ఈడే ఉండాది. పారిపోవద్దు."

ఫోను కట్టయిందేమోనని తులసీరాం తెర వైపు చూశాడు. కాలేదు.

"మేడమ్," అన్నాడు ధర్మేంద్ర చివరికి. గొంతు చిన్నబోయి ఉంది. "నాలుగు దినాలుగా నా పాత నోటు పుస్తకాలన్నీ తిరగేస్తా ఉండా. నా చేతి మీదనే కలిసిందేమో అని. నా పిల్లలకు ల్యాబులో రోజూ చెప్తా, ఒక సీసాకు వాడింది ఇంకో సీసాకు వాడొద్దని. అదే నేను చేసినానంటే వాళ్ళ ముందర ఎట్ల నిలబడేది?"

"రిపోర్టు వచ్చింది. కలిసింది జూన్ తొమ్మిది తర్వాత. ఆ నెలంతా నువ్వు యాడుండినావు?"

"జూన్‌లోనా..." పేజీలు తిప్పిన చప్పుడు. "మా చెల్లెలి పెండ్లి. లీవులో ఉండినా. చంద్రగిరిలో."

"నువ్వు లేవని కణాలకు ఆహారం పోసింది నేను. నా పుస్తకంలో నా రాతతోనే ఉండాది. చర్మానివి, క్యాన్సరువి, రెండు రకాల కణాలకూ ఒకే రోజు, ఒకే సీసాలోది పోసినా. తొందరలో ఉండినా ఆ పొద్దు. ఉత్తరంలో కింద ఆ వివరం కూడా రాస్తా. నా పేరుతో."

ఫోనులో ధర్మేంద్ర ఏడుస్తున్నాడా, నవ్వుతున్నాడా అన్నది తెలియలేదు. రెండూ కలిసి వచ్చినట్టున్నాయి.

"పంపండి మేడమ్. నా పేరు కూడా పెట్టి పంపండి. ఇప్పుడే ఒప్పుకుంటున్నానని మెయిల్ పెడతా. ఇంగ నేను పొయ్యి అన్నం తింటా."

"నువ్వూ తినలేదా?" అన్నాడు తులసీరాం.

నాలుగు నిమిషాల్లో మెయిలు వచ్చింది. ఉదయలక్ష్మి ఆ వివరం కింద చేర్చి, ఉత్తరం మీద చివరిసారి కళ్ళు తిప్పింది. వేలు మీట మీద పెట్టి, మొగుడి వైపు చూసింది. అతను తల ఊపాడు. నొక్కింది. అంతే, వెళ్ళిపోయింది.

ఏదో జరుగుతుందని ముగ్గురూ కాసేపు ఎదురుచూసినట్టు కూర్చున్నారు. ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లోంచి పులుసుకు పెట్టిన తాలింపు వాసన వచ్చింది.

"నాకు ఆకలేస్తా ఉండాది," అన్నాడు తులసీరాం.

ఆ మధ్యాహ్నం అతను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నిస్సీ కూడా వాళ్ళతోనే తింది. తిన్నాక ఉదయలక్ష్మి సోఫాలో వాలింది. రెండు నిమిషాలనుకున్నది, లేచేసరికి సాయంత్రం ఐదయింది. ఎవరో దుప్పటి కప్పారు. ఎన్నేళ్ళయిందో, పగటిపూట అంత నిద్ర పోయి.

*

పత్రిక వాళ్ళు రెండో రోజే జవాబు రాశారు. మర్యాదగా రాశారు. ఏడో రోజున, విచారణ ముగిసేదాకా ఈ వ్యాసాన్ని నమ్ముకోవద్దంటూ, తమ వెబ్‌సైటులో ఒక చిన్న నోటీసు పెట్టారు.

డిపార్ట్‌మెంటులో ఒకరిద్దరు ఎదురుపడితే పక్క మెట్లు దిగి వెళ్ళారు. ఒకాయన మాత్రం గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, "మా దగ్గరున్న కణాలను కూడా పరీక్షకు పంపాలంటే ఎట్ల పంపాల మేడమ్?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఆమె బెంగుళూరు అడ్రసు రాసి ఇచ్చింది. నగరి నుంచి మురుగేష్ ఫోన్ చేసి, విషయమంతా విని, "అక్కా, అదంతా నాకు తెలీదు గానీ, బస్సు నలభై సీట్లది చాలదంటున్నారు, యాభైది పెట్టమంటావా?" అన్నాడు. తులసీరాం ఆ మాట రోజుకు నాలుగుసార్లు చెప్పుకుని నవ్వాడు. గోడ మీది పటం తీసేయాలా అని భార్యను అడిగాడు. "ఉండనీండి. పక్కన ఆ నోటీసు కూడా కట్టించండి," అందామె. కట్టించడానికి ఇచ్చి వచ్చాడు కూడా.

అంతా సర్దుకుందనుకున్న సోమవారం సాయంత్రం గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. భుజానికి గుడ్డసంచి. చొక్కా జేబు మీద సుద్దముక్కల పొడి.

"ఉదయలక్ష్మి మేడమ్ ఇల్లు ఇదేనా అప్పా?"

"ఇదే. ఎవురు నాయనా?" అన్నాడు తులసీరాం.

"గోవిందస్వామి అంటారు. కార్వేటినగరం. పుత్తూరులో ఇంటర్ కాలేజీలో బయాలజీ చెప్తా. మేడమ్‌ను ఒక పది నిమిషాలు చూడాల."

హాల్లో కూర్చున్నాక మంచినీళ్ళు తాగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకునే మాట్లాడాడు.

"మద్రాసులో పీహెచ్‌డీ చేస్తా ఉండినాను మేడమ్. ఆరేండ్ల కిందట వదిలేసినా. మీ వ్యాసం మీదనే నా పని. కొత్త కణాలు తెప్పించి మూడేండ్లు చేసినా. రాలేదు. మా గైడు నా మీద నమ్మకం పోగొట్టుకున్న్యాడు. అప్పుడు మీకు మెయిల్ రాసినా. మీరు జవాబు ఇచ్చినారు."

ఉదయలక్ష్మికి గుర్తు రాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు.

"ఏమని ఇచ్చినాను?"

"ఒక్క లైను మేడమ్. మీ పద్ధతిని జాగ్రత్తగా సరిచూసుకోండి, అని." అతను చెప్పిన తీరులో నిష్ఠూరం లేదు. "దాన్ని మా గైడుకు చూపించినా. సరే, ఇంగ నువ్వు పో అన్న్యాడు."

తులసీరాం వీధి తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఉదయలక్ష్మి చీర కొంగు గట్టిగా పట్టుకుంది. ఉత్తరంలో 'సమయం నష్టపోయిన తోటి పరిశోధకులకు' అని రాసినప్పుడు ఆ మాటకు ముఖం లేదు. ఇప్పుడు ఆ ముఖం ఎదురుగా కూర్చుని ఉంది.

"నేను..." అంది.

"అయ్యో, మేడమ్, నేను కోపంతో రాలేదు. మొన్న శనివారం స్టాఫ్ రూములో ఆ నోటీసు చదివినా. చదివి ఒక్కణ్ణే నవ్వుకుంటా కూర్చున్నా. ఏమైందని అందరూ అడుగుతా ఉండారు. ఇంటికి పొయ్యి మా ఆవిడకు చెప్పినా. నా చేతుల్లో తప్పు లేదంట అని. ఆరేండ్లు మేడమ్, ఆ ఒక్క మాట కోసరం."

"నీ చేతుల్లో తప్పు లేదు నాయనా. నీ చేతులు బాగుండాయి. నాదే తప్పు. క్షమించు."

గోవిందస్వామి గ్లాసు కింద పెట్టాడు. ముఖం తేటపడింది. సంచిలోంచి నాలుగు నోటు పుస్తకాలు తీశాడు. అట్టలు మాసిపోయి ఉన్నాయి.

"ఇవి చూపించాలనే వచ్చినా. నాది ఉట్టిగా రాకపోవడం కాదు మేడమ్. ఆ ప్రోటీనును ఆపినప్పుడు గీత మామూలు కంటే తొందరగా మూసుకుంటా ఉండె. తలకిందులు. పదకొండు సార్లు చేసినా. పదకొండు సార్లూ అంతే. నేనే చెడగొడతా ఉండానని ఎవురికీ చూపించలేదు."

ఉదయలక్ష్మి పుస్తకం తెరిచింది. కళ్ళద్దాలు పైకి జరుపుకుంది. ఒక పేజీ, మరో పేజీ, మరో పేజీ. అతికించిన ఫొటోలు, పక్కన చిన్న అక్షరాలతో గంటలు, తేదీలు. ఎక్కడా దాటవేత లేదు. తన శిష్యుల్లో ఇంత శుభ్రంగా రాసినవాళ్ళు లేరు. గాయం త్వరగా మానే దారి ఒకటి ఆరేళ్ళుగా కార్వేటినగరంలో ఒక ట్రంకుపెట్టెలో పడి ఉందా? ఉంటే ఉండవచ్చు. లేకపోనూవచ్చు. మళ్ళీ చేసి చూస్తే తప్ప తెలియదు. నిస్సీ పళ్ళేల్లో మూసుకోవడమైతే చూశారు గానీ, ఎంత త్వరగా మూసుకున్నదీ గడియారం పెట్టి ఎవరూ చూడలేదు.

"నేను మళ్ళా ఒకసారి చేసేదానికి వీలవుతాదా మేడమ్?" అన్నాడతను. "కావాలంటే కాలేజీకి రాజీనామా ఇచ్చి వస్తా."

"వద్దు," అంది ఉదయలక్ష్మి వెంటనే. "నా మాట మీద ఇంగోసారి నీ బతుకు పెట్టొద్దు. నాకు సర్వీసు తొమ్మిది దినాలుండాది. అందులో ఆదివారం ఒకటుంది. ఆ పొద్దు నువ్వు పొద్దున్నే ల్యాబుకు రా. నిస్సీ ఉంటాది, నేనుంటాను. అసలు కణాలుండాయి. గీత నువ్వే గియ్యి."

"తర్వాత?"

"తర్వాత సంగతి నాకూ తెలీదు. నా గది ఖాళీ చెయ్యాల. నిస్సీకి కొత్త గైడు ఎవరొస్తారో తెలీదు. ముందు ఆ ఆదివారం చూద్దాం."

అతను సరేనన్నట్టు తల ఊపాడు. లేచి రెండడుగులు వేసి ఆగాడు. అడగాలా వద్దా అని తడబడుతున్నట్టు సంచి పట్టీ సర్దుకున్నాడు.

"ఈసారి కూడా మీరనుకున్నట్టు రాకపోతే మేడమ్?"

తులసీరాం కూడా జవాబు కోసం భార్య వైపు చూశాడు.

"నేనేమీ అనుకోకుండా వస్తా," అంది ఉదయలక్ష్మి. "నువ్వూ అట్లే రా."